ఊగిన దీపాలు, కనిపించని చేతులు

పాడుబడిన బంగళాల గురించి చెప్పుకునే దెయ్యాల కథలకూ, పాత వ్యాపార భవనాల నుంచి వచ్చే ఫిర్యాదులకూ మౌలికమైన తేడా ఒకటి ఉంది. బంగళాలో అర్ధరాత్రి ఒంటరి మనిషి చూశానని చెప్పినదాన్ని నమ్మడమో మానడమో తప్ప వినేవారికి మరో దారి ఉండదు గానీ, ఆఫీసుకు టెలిఫోను బిల్లు ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది, ఎవరు ఏ వేళకు వచ్చి ఏ వేళకు వెళ్లారో చెప్పే హాజరుపట్టీ ఉంటుంది, జరిగిన నష్టానికి లెక్క ఉంటుంది. అతీత శక్తుల పరిశోధన చరిత్రలో కార్యాలయాలకూ గిడ్డంగులకూ ప్రత్యేక స్థానం దక్కడానికి కారణం ఈ రికార్డులే. వాటిలో ఎక్కువమంది నిపుణులు పరీక్షించినదీ, అర్ధ శతాబ్దం దాటినా వాదోపవాదాలు ముగియనిదీ 1967లో పశ్చిమ జర్మనీ దక్షిణ కొసన, బవేరియా రాష్ట్రంలోని రోజెన్‌హైమ్ పట్టణంలో ఒక న్యాయవాది కార్యాలయంలో జరిగినట్టు నమోదైన కేసు.

ఆ ఏడాది చివరి నెలల్లో ఆ కార్యాలయంలో మొదట మొరాయించినవి టెలిఫోన్లు. ఎవరూ చేయకుండానే గంటలు మోగడం, మాటల మధ్యలో లైను తెగిపోవడం, బిల్లు అంతులేకుండా పెరగడం చూసి యజమాని ఫిర్యాదు చేయగా, యంత్రాలను మార్చి చూశారు, ఆ తరువాత తపాలా శాఖవారు బయటికి వెళ్లే ప్రతి కాల్‌నూ నమోదు చేసే పరికరాన్ని బిగించారు. టెలిఫోన్ల నిర్వహణ ఆ రోజుల్లో అక్కడ తపాలా శాఖ చేతిలో ఉండేది. ఆ పరికరం చూపిన ప్రకారం 0119 అనే నంబరుకు, అంటే రికార్డు చేసిన గొంతుతో సమయం చెప్పే సేవకు, కొద్ది నిమిషాల వ్యవధిలోనే మళ్లీ మళ్లీ కాల్స్ వెళ్లాయి. సిబ్బందిలో ఎవరూ తాము చేయలేదన్నారు. ఇంతలో కప్పుకు ఉన్న ట్యూబ్‌లైట్లు వాటంతట అవే ఆరిపోవడం, తీసి చూస్తే హోల్డర్లలో తొంభై డిగ్రీలు తిరిగి ఉండటం, బల్బులు పగలడం, ఫ్యూజులు ఊడిరావడం మొదలయ్యాయి. పురపాలక విద్యుత్ సంస్థ ఇంజనీర్లు ఓల్టేజినీ కరెంటునూ కాగితం మీద గీతగా నమోదు చేసే యంత్రాన్ని అమర్చితే అందులో భారీ ఎగుడుదిగుళ్లు కనిపించాయి; లోపం సరఫరాలో ఉందేమోనని భవనాన్ని ప్రత్యేక జనరేటరుకు కలిపినా అవి ఆగలేదు. విసిగిపోయిన న్యాయవాది గుర్తు తెలియని వ్యక్తులపై పోలీసు కేసు పెట్టడంతో నేర పరిశోధకులు కూడా రంగంలోకి దిగారు.

ఈ దశలో, 1967 డిసెంబరు మొదటి రోజున, ఫ్రైబుర్గ్ నుంచి హాన్స్ బెండర్ వచ్చాడు. మనస్తత్వశాస్త్ర ఆచార్యుడైన బెండర్ 1950లో అక్కడ ఒక పరిశోధనా సంస్థను స్థాపించి, దూరశ్రవణం, భవిష్యద్దర్శనం వంటి, సాధారణ విజ్ఞానం అంగీకరించని మానసిక శక్తులను అధ్యయనం చేసే పరామనోవిజ్ఞానానికి జర్మనీలో పెద్దదిక్కుగా పేరు పొందినవాడు. ఇలాంటి కేసుల విషయంలో ఆ శాస్త్రం చేసే ముఖ్య ప్రతిపాదన ఏమిటంటే, వస్తువులను కదిలించేది చనిపోయినవారి ఆత్మ కాదు, అక్కడే ఉన్న ఒక సజీవ వ్యక్తి మనసులోని అణగిన ఒత్తిడి. ఆ వ్యక్తికి తెలియకుండానే అది బయటి వస్తువులపై బలంగా పనిచేస్తుందని వారి వాదం, దానికి వారు వాడే పేరు సైకోకైనసిస్. ఆ వ్యక్తి ఎవరన్నది రోజెన్‌హైమ్‌లో బెండర్‌కు త్వరలోనే స్పష్టమైంది. కార్యాలయంలో పనిచేసే 19 ఏళ్ల యువతి నడవాలో నడిచివెళ్తే ఆమె వెనుక దీపాలు ఊగుతున్నాయనీ, ఆమె ఉన్న వేళల్లోనే అన్నీ జరుగుతున్నాయనీ ఆయన గమనించాడు. దీపాల ఊగుడును చిత్రీకరించారు. గోడ మీది చిత్రపటాలు కొక్కేల మీద తిరిగినట్టూ, 175 కిలోల బీరువా గోడ నుంచి జరిగినట్టూ సాక్ష్యాలు సేకరించారు. 1968 జనవరిలో ఆమె ఆ కార్యాలయాన్ని వదిలి వెళ్లాక సంఘటనలు ఆగిపోయాయి.

బెండర్‌తో కలిసి పనిచేసిన ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు, మ్యూనిక్ సమీపంలోని మాక్స్ ప్లాంక్ ప్లాస్మా భౌతికశాస్త్ర సంస్థకు చెందిన ఫ్రీడ్‌బెర్ట్ కార్గర్, గెర్‌హార్డ్ త్సీహా, ఓల్టేజి మార్పులు, స్థిర విద్యుత్ ప్రభావాలు, అయస్కాంత క్షేత్రాలు, ధ్వని తరంగాలు, కంపనాలు మొదలైన కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఇవేవీ సరిపోవడం లేదనీ, తెలిసిన భౌతికశాస్త్రం పరిధిలో ఈ సంఘటనలకు వివరణ దొరకడం లేదనీ తేల్చారు. మరికొంత ముందుకు వెళ్లి, వీటి వెనుక ఏదో బుద్ధిపూర్వకమైన నియంత్రణ ఉన్నట్టుందని కూడా అన్నారు. ఈ చివరి మాట మీదనే ఆగి ఆలోచించవలసి ఉంది. బుద్ధిపూర్వకమైన నియంత్రణ అనగానే తట్టవలసిన మొదటి అనుమానం మనిషి చెయ్యి; కానీ ఆ గదుల్లోకి తెచ్చిన పరికరాల్లో ఓల్టేజిని కొలిచేవి ఉన్నాయి, క్షేత్రాన్ని కొలిచేవి ఉన్నాయి, ఎవరి చెయ్యి ఎక్కడుందో కొలిచేది లేదు. ప్రకృతి గుట్టు దాచుకుంటుందేమో గానీ పరిశోధకుణ్ని కావాలని మోసం చేయదన్న భరోసా మీద ప్రయోగశాల శిక్షణ అంతా నడుస్తుంది, అందుకే మోసాన్ని పట్టడంలో భౌతికశాస్త్రజ్ఞుడి కంటే గారడీవాడు మెరుగైన సాక్షి.

టెలిఫోన్ల సంగతి దీనికి మంచి ఉదాహరణ. అంత వేగంగా, అన్నిసార్లు డయలు తిప్పడం మనిషికి సాధ్యం కాదన్నది ఆ కేసులో బలమైన వాదనగా చెలామణి అయింది. పాత గుండ్రని డయలు చేసే పని నిజానికి లైనును క్షణకాలం తెంపి కలపడం మాత్రమే: 1 అంకెకు ఒకసారి, 9కి తొమ్మిది సార్లు, 0కి పది సార్లు, సెకనుకు సుమారు పది చొప్పున తెంపుతుంది. 0119కి మొత్తం 21 తెంపులు. అంకెల మధ్య విరామం కలుపుకున్నా అవి వెళ్లడానికి కొద్ది సెకన్లు చాలు. రిసీవరు పెట్టే ఊతను వేలితో అదే లయలో తట్టినా ఎక్స్‌ఛేంజికి తేడా తెలియదు, డయలుకు తాళం వేసి ఉన్నా ఈ పద్ధతి పనిచేస్తుంది. రోజెన్‌హైమ్‌లో ఇలాగే జరిగిందని దీనివల్ల రుజువు కాదు. అయితే అసాధ్యమన్న మాట అనే ముందు ఈ దారిని మూసి చూపించవలసిన బాధ్యత పరిశోధకులదే.

ఆ బాధ్యత నెరవేరిందా అన్నది తేల్చుకోవడానికి కావలసిన సమగ్ర నివేదికను బెండర్ ఎన్నడూ ప్రచురించలేదు. బెండర్ పరిశోధనలను నిశితంగా విమర్శించిన డచ్ పాత్రికేయుడు పీట్ హైన్ హుబెన్స్ ప్రధాన ఆక్షేపణ కూడా ఇదే. 1969లో అలన్ అనే రంగస్థల నామం గల గారడీవాడు ఇద్దరు సహరచయితలతో కలిసి వియన్నాలో ప్రచురించిన పుస్తకంలో, ఆ కార్యాలయంలోని వస్తువులకు సన్నని నైలాన్ దారాలు కట్టి ఉండటం తాము చూశామని రాశాడు. గారడీవాడి మాటను కూడా ఊరకే నమ్మనక్కరలేదు, కానీ దారం కోసం వెతికినవాడికి దారం కనిపించింది, శక్తి కోసం వెతికినవాడికి శక్తి కనిపించింది అనే పరిస్థితి ఏర్పడినప్పుడు లోటు పరిశోధనా పద్ధతిలో ఉన్నట్టు లెక్క.

భవనమే కారణమైనప్పుడు

చేతివాటం లేని చోట కూడా నిజాయితీపరులైన ఉద్యోగులు నిజంగానే భయపడిన సందర్భాలు అనేకం, వాటిలో కారణం చాలాసార్లు కట్టడంలోనే దొరుకుతుంది. ఇంగ్లండులో వైద్య పరికరాలు తయారుచేసే ఒక సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన విక్ టాండీ 1998లో టోనీ లారెన్స్‌తో కలిసి ప్రచురించిన పత్రం ఈ రంగంలో ప్రసిద్ధమైనది. రెండు గ్యారేజీలను కలిపి కట్టిన ఆ పనిశాలలో సిబ్బందికి కారణం లేని దిగులు, చలి కలిగేవి. ఒక రాత్రి టాండీకి కంటి కొసన బూడిద రంగు ఆకారం ఒకటి కనిపించి, తల తిప్పగానే మాయమైంది. మరునాడు కత్తిసాము పోటీకి సిద్ధం చేసుకోవడానికి బిగింపులో పెట్టిన ఆయన కత్తి దానంతట అదే కంపించసాగింది. కొత్తగా అమర్చిన గాలిని బయటికి తోలే ఫ్యాను సెకనుకు సుమారు 19 కంపనాల ధ్వనిని పుట్టిస్తోందనీ, ఆ తరంగం గది పొడవుకు సరిగ్గా సరిపోయి రెండు గోడల మధ్య స్థిర తరంగంగా, అంటే ముందుకు సాగకుండా అక్కడే నిలిచి కంపించే తరంగంగా మారిందనీ ఆయన లెక్కకట్టాడు. మనిషి చెవికి వినిపించే ధ్వని సుమారు 20 హెర్ట్జ్‌ల నుంచి, అంటే సెకనుకు 20 కంపనాల నుంచి, మొదలవుతుంది. అంతకు దిగువన ఉన్నదాన్ని ఇన్‌ఫ్రాసౌండ్ అంటారు. ఫ్యాను బిగింపును మార్చగానే ఆ తరంగం పోయింది.

అంతకన్నా పాతదీ, ప్రాణాంతకమైనదీ మరొక కారణం. 1921లో విల్మర్ అనే అమెరికన్ నేత్రవైద్యుడు ప్రచురించిన ఒక కేసులో, అడుగుల చప్పుళ్లు వింటూ ఆకారాలు చూస్తూ నీరసించిపోయిన ఒక కుటుంబాన్ని పీడించినది, ఇంటిని వెచ్చబరిచే కొలిమి పాడై విడుదల చేసిన కార్బన్ మోనాక్సైడు అని తేలింది. రంగు, వాసన లేని ఈ విషవాయువు మెదడుకు అందవలసిన ఆక్సిజనును తగ్గిస్తుంది. జనరేటర్లు, బాయిలర్లు, మూతపడిన గాలి దారులు ఉండే పాత వ్యాపార సముదాయాల్లో దెయ్యం కోసం కాకపోయినా ముందుగా కొలవవలసింది దీన్నే. దీనికి భిన్నంగా, నేటి దెయ్యాల వేటగాళ్లు ముందు బయటికి తీసేది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఈఎంఎఫ్ మీటరు. కరెంటు తీగల చుట్టూ ఉండే క్షేత్రాన్ని కొలవడానికి తయారైన ఆ పరికరం, అతుకుల బొంతలాంటి పాత వైరింగు, లిఫ్టు మోటార్లు, గోడ వెనుక స్విచ్‌బోర్డులు ఉన్న భవనంలో వెలగకపోతేనే ఆశ్చర్యం.

చెవిన పడిన మాట

భవనాన్ని ఎంత కొలిచినా సాక్ష్యం సంగతి మిగులుతుంది. లాంగే, హౌరన్ అనే అమెరికన్ పరిశోధకులు 1997లో ప్రచురించిన ప్రయోగంలో 22 మందిని ఒక నాటకశాలలోని ఐదు భాగాల్లో తిప్పారు. సగం మందికి అక్కడ దెయ్యం ఉందని ప్రతీతి అనీ, మిగిలిన సగానికి భవనం మరమ్మతులో ఉందనీ చెప్పారు. అనుభవాలను నమోదు చేసిన పది కొలమానాల్లో తొమ్మిదింటిలో మొదటి బృందానికే తీవ్రమైన అనుభూతులు కలిగాయి. ఇరవై ఇద్దరు చిన్న సంఖ్యే. అయినా 2009లో లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలకు చెందిన క్రిస్ ఫ్రెంచ్ బృందం వెలువరించిన ఫలితాలు కూడా ఈ వైపే మొగ్గాయి. ప్రత్యేకంగా కట్టిన గదిలో 79 మందిని ఒక్కొక్కరిగా ఉంచి, కొందరికి ఇన్‌ఫ్రాసౌండ్, కొందరికి విద్యుదయస్కాంత క్షేత్రం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేకుండా పరీక్షించగా, వింత అనుభూతులు చాలామందికి కలిగాయి గానీ, ఏ తరంగం ఉందన్నదానితో వాటికి సంబంధం కనిపించలేదు; ఇక్కడేదో జరగవచ్చునని ముందుగా వినడమే ప్రధాన కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. ఆ అనుభూతులకు ఇన్‌ఫ్రాసౌండే కారణమన్న టాండీ సిద్ధాంతాన్ని ఇది కొంత బలహీనపరుస్తుందన్నది నిజం. వార్త పాకిన తరువాత తీసుకున్న వాంగ్మూలానికి విలువ ఎంత తగ్గుతుందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది, రోజెన్‌హైమ్‌లో సాక్ష్యాలు చాలా మటుకు పత్రికలు, కెమెరాలు లోపలికి వచ్చాక సేకరించినవే.

బెండర్ ఆ యువతిని మనస్తత్వ పరీక్షలకు గురిచేసి, ఆమె ఉద్యోగంలోనూ వ్యక్తిగత జీవితంలోనూ అసంతృప్తితో, అణచుకున్న కోపంతో ఉన్నదని నిర్ణయించాడు. ఇంచుమించు అదే కాలంలో, 1966-67 చలికాలంలో, అమెరికాలోని మయామీలో బొమ్మలు, గాజు సామాన్లు అమ్మే ఒక సంస్థ గిడ్డంగిలో అరల నుంచి వస్తువులు పడిన 224 సంఘటనలను నమోదు చేసిన విలియం రోల్, గెయిథర్ ప్రాట్‌ల దృష్టి కూడా అసంతృప్తితో ఉన్న ఒక 19 ఏళ్ల గుమస్తా మీదనే నిలిచింది. చిక్కు ఇక్కడే ఉంది. ఉద్యోగం మీద కోపం అజ్ఞాత శక్తికి ఎంత చక్కని కారణమో, ఎవరూ చూడనప్పుడు అర మీది వస్తువును నెట్టడానికీ అంతే చక్కని కారణం. రోజెన్‌హైమ్‌లో సమయం చెప్పే నంబరుకు మళ్లీ మళ్లీ ఫోను చేయడం సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసే ఉద్యోగి చేసే పనిలా కూడా ఉంటుంది. పరిశోధకులు ప్రచురించిన ఆధారం ఏదీ ఈ రెంటినీ విడదీయలేకపోయింది, అయినా రెండు వివరణల్లోనూ వేలు ఆ చిన్న ఉద్యోగిని వైపే తిరిగింది. ఇంటి మీద రాళ్లు పడ్డాయనో దండెం మీది బట్టలు అంటుకున్నాయనో బాణామతి పేరు చెప్పి, దిక్కులేని మనిషినో ముసలిదాన్నో పట్టుకుని పళ్లు రాలగొట్టిన ఘటనలు ఎరిగిన తెలంగాణ పాఠకులకు, ఇలా వేలు చూపడం ఎక్కడికి దారితీస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

బవేరియాలోనే, 1981-82లో, రేగెన్స్‌బుర్గ్ సమీపంలోని నాయ్‌ట్రాబ్లింగ్ పట్టణంలో ఒక దంతవైద్యుడి క్లినిక్కులో టెలిఫోను నుంచీ, ఉమ్మితొట్టి నుంచీ, మరుగుదొడ్డి గొట్టాల నుంచీ చాపర్ అని తనను తాను పిలుచుకునే ఒక గొంతు వినిపించసాగింది. మళ్లీ తపాలా శాఖ లైన్లన్నీ తవ్వి మార్చింది, మళ్లీ పోలీసులు వచ్చారు, పత్రికలు దేశమంతా ఆ గొంతును మోగించాయి. ఈసారి మాత్రం పోలీసులు గొట్టాలను వదిలి గదిలో ఉన్నవారిని గమనించడం మొదలుపెట్టారు. ఆ గొంతు క్లినిక్కులోని యువ సహాయకురాలిదేనని తేలింది, ఆమె ఒప్పుకుంది, దంతవైద్య దంపతులకూ ఆ నాటకంలో భాగం ఉన్నట్టు బయటపడింది.