మీకు తెలుసా? సముద్రం అడుగున పక్కవాళ్ళని పిలవాలంటే...

అండమాన్‌లో హేవ్‌లాక్ (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్), కర్ణాటకలో నేత్రాణి, మన విశాఖలో రుషికొండ... స్కూబా డైవింగ్ ఎక్కడ చేసినా ఇద్దరిద్దరుగా దిగమంటారు. ఆ రెండో మనిషే మీ 'బడ్డీ'. మీ గాలి అయిపోతే తన గాలి ఇచ్చేది, కాలికి వల చుట్టుకుంటే విడిపించేది బడ్డీయే. చిక్కల్లా ఒకటే. నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ ఉంటే మాట రాదు. బడ్డీ పది మీటర్ల అవతల తాబేలును చూస్తూ మైమరచిపోతే వెనక్కి తిప్పుకోవడం ఎలా? అందుకోసం దుకాణాల్లో గిలకలు, హారన్లు, టార్చీలు, బుడగలు బోలెడు దొరుకుతాయి. ఏది కొనాలో తేల్చుకునే ముందు ఈ సంగతులు చూడండి.

గంట కొట్టి, వేగం కొలిచి...

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. సముద్రపు నీటిలో దాదాపు 1,500 మీటర్లు. అంటే నాలుగు రెట్లకు పైనే. నీటిలో ఈ వేగాన్ని 1826లో జెనీవా సరస్సులో కొలాడాన్, స్టుర్మ్ అనే ఇద్దరు కొలిచారు. ఒక పడవ నుంచి నీళ్ళలోకి గంట వేలాడదీశారు. గంట మోగిన క్షణంలోనే పైన తుపాకిమందు భగ్గుమనే ఏర్పాటు చేశారు. 13 కిలోమీటర్లకు పైగా దూరాన రెండో పడవలో కొలాడాన్ పొడవాటి గొట్టాన్ని నీట ముంచి, దాని పైకొసకు చెవి ఆనించి కూర్చున్నాడు. మెరుపు కనబడ్డాక చప్పుడు అందడానికి 9 సెకన్లకు పైగా పట్టింది. లెక్క తేలింది: 8 డిగ్రీల నీటిలో సెకనుకు 1,435 మీటర్లు. నేటి పరికరాల కొలతకూ దీనికీ తేడా చాలా తక్కువ.

వినబడుతుంది, ఎటు నుంచో తెలియదు

ఒడ్డున ఎవరైనా పిలిస్తే తల అటే తిరుగుతుంది. చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి రవ్వంత తర్వాత చేరుతుంది. ఆ తేడాను బట్టి దిక్కేదో మెదడు పోల్చుకుంటుంది. గాలిలో ఆ తేడా ఎక్కువలో ఎక్కువ 0.6 మిల్లీసెకన్లు. నీళ్ళలో శబ్దం నాలుగు రెట్లు వేగంగా రావడంతో అది 0.15 మిల్లీసెకన్లకు పడిపోతుంది. పైగా శబ్దం పుర్రె ఎముకల గుండా కూడా నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. దాంతో చప్పుడు అన్ని వైపుల నుంచీ ఒకేసారి వచ్చినట్టుంటుంది. అంటే ఎంత ఖరీదైన గిలక అయినా 'చూడు' అని మాత్రమే చెప్పగలదు, 'ఇటు చూడు' అని చెప్పలేదు. కాబట్టి దిగే ముందే ఒప్పందం ఉండాలి: చప్పుడు వినగానే ఉన్నచోటే ఆగి, ఒక చుట్టు తిరిగి, పైనా కిందా కూడా చూడాలి.

కొట్టేది, ఊపేది

అన్నిటికన్నా చౌకైనది ట్యాంక్ బ్యాంగర్. సిలిండర్ నడుముకు బిగించే సాగే పట్టీ, దానికి గట్టి ప్లాస్టిక్ బంతి. లాగి వదిలితే సిలిండర్ 'టంగ్' మంటుంది. విరిగేదేమీ లేదు. చెయ్యి వెనక్కి పెట్టి వెతుక్కోవాలి, అదొక్కటే ఇబ్బంది. డైవింగ్ జాకెట్ మడతలో బంతి ఇరుక్కుంటే దొరకదు.

రెండోది షేకర్. జానెడు కూడా ఉండని స్టీలు గొట్టంలో ఉక్కు గుండ్లు. ఊపితే గలగల. జాకెట్ రింగుకు తగిలించుకుంటే చేతికి వెంటనే అందుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఒక కొస మాత్రమే కట్టి వదిలేస్తే ఈదుతున్నంతసేపూ దానంతటదే గలగలమంటుంది. పది నిమిషాల్లో బడ్డీకి ఆ చప్పుడు అలవాటైపోతుంది. తీరా అవసరమొచ్చి ఊపినప్పుడు పట్టించుకోడు. రెండు కొసలూ బిగించుకోండి, లేదా జేబులో పెట్టుకోండి.

గాలి ఉంటేనే మోగే హారన్

జాకెట్‌లోకి గాలి పంపే గొట్టానికి మధ్యలో తగిలించే హారన్లు ఉన్నాయి. మీట నొక్కితే సిలిండర్ గాలితోనే గట్టిగా అరుస్తాయి. కొన్ని నీళ్ళ పైకి వచ్చాక పడవను పిలవడానికి కూడా పనికొస్తాయి. మోత బలంగా ఉంటుంది, కష్టం లేదు, ఒక్క వేలు చాలు. కానీ సిలిండర్ ఖాళీ అయితే హారన్ కూడా మూగబోతుంది. గాలి అయిపోయిందని చెప్పుకోవలసిన ఘడియలోనే అది పలకదన్నమాట! అందుకే హారన్ ఉన్నవాళ్ళు కూడా ఒక గిలకో, బ్యాంగరో తోడు ఉంచుకోవాలి. చెవి దగ్గర పట్టుకుని నొక్కకూడదు, వినికిడికి ముప్పు.

సముద్రం నిశ్శబ్దంగా ఉండదు

పగడపు దిబ్బల దగ్గర చెవి పెడితే బఠాణీలు వేగుతున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. ఆ సందడి ఒక రకం చిన్న రొయ్యలది. డెక్కను విసురుగా మూసినప్పుడు నీళ్ళలో పుట్టే బుడగ పగిలి ఆ చప్పుడు వస్తుందని 2000లో శాస్త్రవేత్తలు నిరూపించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జలాంతర్గాముల జాడ వినే పరికరాలను కూడా ఈ రొయ్యలు గందరగోళపరిచాయి. దీనికి మీ ఊపిరి బుడగల మోత, పక్క జట్ల గిలకలు తోడు. అందుకే ఎంత గట్టిగా అన్నది కాదు, ఎలా అన్నది ముఖ్యం. మూడు దెబ్బలు, కాస్త విరామం, మళ్ళీ మూడు దెబ్బలు. ఇలాంటి లయ ఒకటి ఇద్దరూ ముందే అనుకుంటే ఆ పిలుపు మీదేనని బడ్డీకి తెలుస్తుంది.

తలకు టోపీ ఉంటే?

చల్లటి నీళ్ళలో దిగేవాళ్ళు తలకు నియోప్రీన్ టోపీ వేసుకుంటారు. ఆ రబ్బరు నిండా సన్నటి గాలి బుడగలే. అవి చలిని ఆపినట్టే శబ్దాన్నీ ఆపుతాయి. అందులోనూ కీచుమనే సన్నటి శబ్దాలనే ఎక్కువగా అడ్డుకుంటాయి. అండమాన్ వెచ్చటి నీళ్ళలో చక్కగా వినబడిన గిలక చలిదేశపు సరస్సులో వినబడకపోవచ్చు. అమెరికా, యూరప్‌లలో ఉండే మనవాళ్ళు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

బొటనవేలు ఎత్తారో, డైవ్ అయిపోయినట్టే

మనం ఫొటోలో 'సూపర్' అని బొటనవేలు చూపిస్తాం. డైవర్ల భాషలో దానర్థం 'పైకి పోదాం' అని. మొదటిసారి దిగినవాళ్ళు ఆనందం పట్టలేక బొటనవేలు ఎత్తితే, ఇన్‌స్ట్రక్టర్ వాళ్ళను పైకి తీసుకెళ్ళడం మొదలుపెడతాడు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. అరచేతిని అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. పిడికిలి ఛాతీకి ఆనిస్తే గాలి తగ్గిందని. చేతిని గొంతు మీద అడ్డంగా కోసినట్టు ఆడిస్తే గాలి లేదని. గిలక చూపు తిప్పుతుంది, సంగతి చెప్పేది చెయ్యే.

టార్చి కూడా మాట్లాడుతుంది

రాత్రి డైవ్‌లో వెలుతురే భాష. నేల మీద టార్చి వెలుగును గుండ్రంగా తిప్పితే 'అంతా బాగే'. నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే 'ఇటు చూడు'. గబగబా ఊపితే 'ఆపద!' బడ్డీ ముఖం మీదికి మాత్రం వెయ్యకూడదు, కాసేపు కళ్ళు కనబడవు. చేతి సైగ చూపాలంటే వెలుగును మీ చేతి మీదే వేసుకోవాలి. తేట నీళ్ళలో పగలు కూడా టార్చి అక్కరకొస్తుంది. పైగా దిక్కు చెప్పలేని గిలకలా కాక, వెలుగు ఎటు నుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది. రుషికొండ లాంటి చోట నీరు మసకబారిన రోజున మాత్రం వెలుగు దగ్గరలోనే చెదిరిపోతుంది. అక్కడ చప్పుడే దిక్కు.

ఎర్రటి పరికరం నల్లబడుతుంది

వెలుగులో అన్నిటికన్నా ముందు నీళ్ళు మింగేసేది ఎరుపునే. 10 మీటర్ల లోతు దాటేసరికి ఎర్రటి వస్తువు గోధుమ రంగులోకి, ఆపైన నలుపులోకి తిరుగుతుంది. అందుకే అడుగున కనబడాల్సిన వస్తువు ఎరుపు కన్నా ఫ్లోరోసెంట్ పసుపు రంగులో ఉంటే మేలు. ఆ రంగు తన మీద పడిన నీలి కాంతిని మార్చి పసుపుగా వెదజల్లుతుంది కాబట్టి లోతులో కూడా మెరుస్తూనే ఉంటుంది.

తాడు భాష వీటన్నిటికన్నా పాతది

మన్నార్ సింధుశాఖలో ముత్యపు చిప్పల కోసం మునిగేవాళ్ళు రాయి బరువుతో అడుగుకు దిగేవారు. తాడును ఒక్క గుంజు గుంజితే పడవలోని మనిషి పైకి లాగేవాడు. జపాన్‌లో 'అమా' స్త్రీలు నడుముకు తాడు కట్టుకుని దిగితే పైన భర్త ఆ గుంజు కోసం కాచుకుని ఉండేవాడు. అమెరికా నౌకాదళం దీన్ని పూర్తి భాషగానే రాసిపెట్టుకుంది. డైవర్ మూడు గుంజులు గుంజితే 'వదులుగా ఉన్న తాడు లాగు', నాలుగైతే 'నన్ను పైకి లాగు'. నాలుగేసి చొప్పున మూడుసార్లయితే 'ఇప్పుడే, ఈ క్షణమే లాగు'. చెయ్యి చాస్తే వేళ్ళు కనబడని బురద నీళ్ళలో నేటికీ ఇద్దరు డైవర్లూ పొట్టి తాడు చెరో కొసా పట్టుకుంటారు. బ్యాటరీ అక్కర్లేదు, దిక్కు తెలియకపోవడం అసలే ఉండదు.

వాకీటాకీ ఎందుకు పనికిరాదు?

ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. ఫోన్, వాకీటాకీ సిగ్నళ్ళు అడుగులోపే ఆవిరి. అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. వాటిని పంపాలంటే విశాలమైన యాంటెన్నా క్షేత్రాలు కావాలి. జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం 1990 నుంచి ఉంది. అలాంటి రెండో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది మన వికారాబాద్ జిల్లా దామగుండంలోనే! డైవర్ల మధ్య మాటలకు మరో దారి ఉంది. ముఖమంతా కప్పే మాస్కులో మాట్లాడితే, మాటను మనిషి చెవికి అందని 32 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్ద తరంగంగా మార్చి పంపే యంత్రాలు ఉన్నాయి. ఖరీదెక్కువ, వేరే శిక్షణ కావాలి. సరదాగా దిగేవాళ్ళకు అనవసరం.

ఒక్క నిమిషమే వెతకాలి

బడ్డీ కనబడకపోతే డైవింగ్ శిక్షణలో నేర్పే సూత్రం ఇది: చుట్టూ ఒక్క నిమిషం వెతుకు, కనబడకపోతే జాగ్రత్తగా పైకి వెళ్ళు, అక్కడ కలుసుకో. పైన అలల మధ్య తల ఒక చుక్క. పడవ వాళ్ళకు కనబడాలంటే నారింజ రంగు పొడవాటి బుడగ కావాలి. దాన్నే ఎస్ఎంబీ అంటారు. అడుగున ఉండగానే గాలి నింపి పైకి వదలవచ్చు. 10 మీటర్ల లోతులో సగం నింపితే చాలు, పైకి చేరేసరికి నిండిపోతుంది. అక్కడి పీడనం ఉపరితలానికి రెట్టింపు కాబట్టి ఇది బాయిల్ సూత్రం లెక్కే. దీనికి తోడు ఒక విజిల్, ఎండకు మెరిసే చిన్న అద్దం జేబులో ఉంటే బరువేమీ కాదు.

1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ దంపతులను నీళ్ళలోనే వదిలేసి పడవ ఒడ్డుకు వచ్చేసింది. వాళ్ళు లేరన్న సంగతి రెండు రోజులకు గానీ బయటపడలేదు. తమను కాపాడమని వాళ్ళు రాసిన డైవింగ్ పలక నెలల తర్వాత దొరికింది. మనుషులు దొరకలేదు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్‌లో పడవ మీద తలలు లెక్కించే నిబంధనలను కట్టుదిట్టం చేశారు.

మరి కొనేదేది?

తేట నీరైతే షేకర్, చిన్న టార్చి. మసక నీరైతే బ్యాంగర్ లేదా హారన్. పోటు, ప్రవాహం ఉన్న చోట ఎస్ఎంబీ తప్పనిసరి. దుకాణంలో చేత్తో ఊపి చూసి కొనకండి, గాలిలో వినబడే తీరు వేరు. స్విమ్మింగ్ పూల్‌లో బడ్డీని అటు తిరిగి ఉండమని, పది మీటర్ల దూరం నుంచి, కళ్ళు మూసుకుని, ఎడమ చేత్తో ఒకసారి, కుడి చేత్తో ఒకసారి పిలవండి. రెండుసార్లూ బడ్డీ తిరిగి చూస్తే డబ్బు కట్టండి.