ఏటీసీ: ఒక్క 'టూ' అర్థం మారింది.. విమానం కొండను ఢీకొట్టింది! పైలట్ తప్పు చెప్పినా కంట్రోలర్ ఎందుకు పట్టుకోలేరు?

విమానం ఎంత ఎత్తులో ఎగరాలి, ఎప్పుడు కిందికి దిగాలి.. ఇవన్నీ చెప్పేది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే ఏటీసీ. ఈ వ్యవహారంలో ఎక్కువ భాగం రేడియోలో మాటల మీదే నడుస్తుంది. ఆ మాటల్లో ఒక్కటి అటూ ఇటూ అయితే ఏమవుతుందో 1989లో మలేసియాలో తెలిసొచ్చింది.

అసలేం జరిగింది?

1989 ఫిబ్రవరి 19. ఫ్లయింగ్ టైగర్ సంస్థ బోయింగ్ 747 కార్గో విమానం సింగపూర్ నుంచి కౌలాలంపూర్ వస్తోంది. 2,400 అడుగులకు దిగమని చెప్పడానికి కంట్రోలర్ అన్న మాట.. 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో'. ఇంగ్లీషులో రెండు అనే అంకె, 'వరకు' అనే మాట దాదాపు ఒకేలా వినిపిస్తాయి. దాంతో 400 అడుగుల వరకు దిగమన్నారని పైలట్ అనుకున్నారు. 'ఓకే, ఫోర్ జీరో జీరో' అని బదులిచ్చారు. అటు నుంచి సవరణ రాలేదు. నేల దగ్గరపడుతోందని కాక్‌పిట్‌లో అలారం మోగినా సిబ్బంది పైకి లేపలేదు. విమానం కొండను ఢీకొట్టి, అందులోని నలుగురూ చనిపోయారు.

రీడ్‌బ్యాక్ అంటే ఏంటి?

కంట్రోలర్ చెప్పిన ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పడమే రీడ్‌బ్యాక్. దాన్ని కంట్రోలర్ విని, సరిపోల్చడం హియర్‌బ్యాక్. తప్పు దొరకాల్సింది ఈ రెండో దశలోనే. కానీ జారిపోయేదీ ఇక్కడే!

ఎందుకంటే, వేలసార్లు సరిగ్గా వచ్చిన జవాబు ఈసారీ సరిగ్గానే వస్తుందని మెదడు ముందే ఫిక్స్ అయిపోతుంది. చెవిలో పడింది ఒకటైనా, తాను చెప్పిందే విన్నట్టు అనిపిస్తుంది. ఈలోపు ఇంకో విమానం పిలుస్తుంది. ఇటు పైలట్ ఏమనుకుంటారు? 'తప్పయితే వాళ్లే చెప్పేవారు కదా' అని. ఇద్దరూ ఒకరి మీద ఒకరు భరోసా పెట్టుకుంటారు. చివరికి చెక్ చేసేవాళ్లే ఉండరు.

టెక్నాలజీ ఉన్నా..

2024 జనవరి 2న టోక్యో హనేడా ఎయిర్‌పోర్టులో ఇంకో రకం పొరపాటు జరిగింది. జపాన్ కోస్ట్ గార్డ్ విమానానికి టేకాఫ్ వరుసలో 'నంబర్ వన్' అని ఏటీసీ చెప్పింది. రన్‌వే బయటే ఆగాలన్న ఆదేశాన్ని పైలట్ సరిగ్గానే తిరిగి చెప్పినా, రన్‌వే మీదికి వెళ్లొచ్చని అర్థం చేసుకున్నారు. దాదాపు 40 సెకన్లు విమానం అక్కడే ఉంది. స్క్రీన్‌పై హెచ్చరిక కనిపించినా కంట్రోలర్ గమనించలేదు. ల్యాండ్ అవుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వచ్చి ఢీకొట్టింది. అందులోని 379 మందీ బయటపడ్డారు. కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు.

ఇప్పుడు రూల్స్ ఏంటి?

* 2,400 అడుగులను విడి అంకెలుగా కాకుండా 'టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్' అని చెప్పాలి.
* 'టేకాఫ్' అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడే వాడాలి. 1977లో టెనెరిఫేలో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయాక వచ్చిన మార్పు ఇది.
* ఎత్తు, రన్‌వేకు సంబంధించిన ఆదేశాలను పైలట్ తిరిగి చెప్పాల్సిందే. 'ఓకే' అంటే కుదరదు.
* రీడ్‌బ్యాక్ తప్పయితే కంట్రోలర్ వెంటనే 'నెగటివ్' అని, సరైన ఆదేశం మళ్లీ చెప్పాలి.

డౌట్ వస్తే 'సే అగైన్' అని అడగడానికి పట్టేది రెండు సెకన్లు. కౌలాలంపూర్‌లో ఆ రెండు సెకన్లే ఎవరూ తీసుకోలేదు.