షుగరు రోగికి పుండు ఎందుకు మానదు?

“షుగరున్న మనిషి, పుండు తొందరగా మానదు” అనే మాట మన ఇళ్లలో ముసలమ్మలు సైతం అంటుంటారు. ఎందుకు మానదని అడిగితే మాత్రం “రక్తంలో తీపి ఎక్కువ కదా” అని ఊరుకుంటారు. ఆ జవాబులో కొంత నిజం లేకపోలేదు గాని, అసలు సంగతి అంతకంటె లోతైనది. చక్కెర వ్యాధి కళ్లను, మూత్రపిండాలను, గుండెను దెబ్బతీస్తుందని అందరం విన్నాము. మన శరీరానికి కాపలా కాసే కణాలను కూడా అది బలహీనపరుస్తుందని చాలామంది ఎరుగరు. ఎరుగకనే కాలి పుండుకు పసుపు అద్ది వదిలేస్తారు. నెల రోజుల దగ్గును మంచు మీదికి నెట్టేస్తారు.

ఇది ఏ కొద్దిమంది సమస్యో కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశమంతటా జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం 2021 నాటికి మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. ప్రియ పాఠకులారా, మీ బంధువర్గంలో అటువంటి వారు ఒక్కరైనా లేకుండా ఉంటారా?

మొదటి వరుస సిపాయిలు

మన రక్తంలోని తెల్లకణాలలో న్యూట్రోఫిల్స్ అనేవి మొదటి వరుస సిపాయిలు. ఎముకల మూలుగలో ఇవి రోజుకు సుమారు పది వేల కోట్లు పుడతాయి. వాటి ఆయుష్షు మాత్రం చాలా స్వల్పం. కాలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. గాయపడిన చోటి నుండి కొన్ని రసాయనాలు విడుదలవుతాయి. వాటి జాడ పట్టుకొని న్యూట్రోఫిల్స్ రక్తనాళపు గోడ సందుల్లోంచి దూరి, అక్కడికి చేరి, క్రిములను పట్టి మింగుతాయి. మింగినంత మాత్రాన క్రిమి చావదు. కణం లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఘాటైన పదార్థాలు తయారై దానిని చంపాలి.

రక్తంలో గ్లూకోజు అదుపు తప్పి ఉంటే ఈ పనులన్నీ కుంటుపడతాయి. కదలిక మందగిస్తుంది, మింగే శక్తి తగ్గుతుంది, చంపే శక్తీ తగ్గుతుంది. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణాలలో ఒకటి వినదగినది. ఆ ఘాటైన పదార్థాల తయారీకి కణంలో ఎన్‌ఏడీపీహెచ్ అనే సరుకు ఉండాలి. (పేరు గుర్తు పెట్టుకోనక్కరలేదు.) అవసరానికి మించి లోపలికి వచ్చిపడిన గ్లూకోజును సార్బిటాల్‌గా మార్చడానికి కూడా అదే సరుకు ఖర్చవుతుంది. వంటకు దాచుకున్న కట్టెలను నీళ్ల కాగు కింద పెట్టేస్తే అన్నం ఉడికేదెలా?

దీనికి తోడు చక్కెర వ్యాధి పాదాల నరాలను మొద్దుబారుస్తుంది, రక్తనాళాలను పాడుచేస్తుంది. ముల్లు గుచ్చుకున్న సంగతే మనిషికి తెలియదు. తెలిసేసరికి సిపాయిలు రావలసిన దారి ఇరుకై ఉంటుంది. వచ్చిన సిపాయికి చేవ ఉండదు. కాలివేలు తీసేయవలసి వచ్చిందంటే దాని వెనుక తరచుగా ఈ మూడూ కలిసే ఉంటాయి.

ప్రతిరక్షకాల సంగతి

రెండవ వరుసలో లింఫోసైట్లు ఉన్నాయి. వీటిలో బి కణాలు శత్రువును గుర్తుపట్టి, ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను తయారుచేసే కర్మాగారాలుగా మారతాయి. టి కణాలు వాటికి సహాయం చేస్తాయి. టీకా వేయించుకున్నప్పుడు జరిగేది ఇదే.

మూడు నెలల సగటు షుగరు తెలుసుకోవడానికి హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష చేస్తారు కదా. ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజు అంటుకున్నదో అది చూపుతుంది. గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు మాత్రమే అంటుకొని ఊరుకోదు. ప్రతిరక్షకాలు కూడా మాంసకృత్తులే గనుక వాటికీ అంటుకుంటుంది.

అయితే ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. “షుగరు వాళ్లకు టీకాలు పనిచేయవు” అని కొందరు ప్రచారం చేస్తుంటారు. అది తప్పు. ఫ్లూ టీకాకు చాలామంది షుగరు రోగుల శరీరం చక్కగానే స్పందిస్తుంది. హెపటైటిస్ బి టీకా విషయంలో మాత్రం వారిలో ప్రతిరక్షకాలు తగినంత తయారుకాని వారు కొంత ఎక్కువ. స్థూలకాయం ఉన్నవారిలోనూ ఇదే కనబడింది. 1985లో అమెరికాలో ఆసుపత్రి ఉద్యోగులను పరిశీలించి ఈ విషయం ప్రచురించారు. ఆ రోజుల్లో పిరుదుకు సూది వేసేవారు. మందు కండకు చేరక కొవ్వులోనే నిలిచిపోవడం ఒక కారణమని గ్రహించి, పెద్దవారికి భుజానికి వేయాలని నిర్ణయించారు. కాని కారణం సూది ఒక్కటే కాదు. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే పడి ఉండే మూట కాదు. అది రక్తంలోకి వాపు పుట్టించే రసాయనాలను వదులుతూ ఉంటుంది. నిత్యం వినబడే ఈ అలజడికి అలవాటుపడిన కాపలావాడు నిజంగా దొంగ వచ్చిననాడు చురుకుగా లేవడు.

క్షయతో చెలిమి

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో ఒక 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు మునుపు మధుమేహ రోగులను పొట్టన పెట్టుకున్న జబ్బులలో క్షయ ముఖ్యమైనది. ఆ చెలిమి నేటికీ తెగలేదు. షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే ప్రమాదం లేనివారికంటె సుమారు మూడు రెట్లు. క్షయ క్రిమిని ఊపిరితిత్తులలో బంధించి ఉంచవలసిన కణాలు పట్టు సడలించడమే ఇందుకు కారణం. అందుచేతనే మన దేశపు క్షయ నివారణ కార్యక్రమంలో క్షయ రోగులకు షుగరు పరీక్ష కూడా చేస్తారు. మరొక చిక్కు ఏమంటే, క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు కొన్ని షుగరు మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. రెండు జబ్బులూ ఉన్నవారు ఇద్దరు డాక్టర్ల దగ్గర వైద్యం పొందుతుంటే ఆ సంగతి ఇద్దరికీ చెప్పాలి.

తీపి ఎక్కువైతేనే కాదు, తిండి తక్కువైనా ఈ సైన్యం నీరసిస్తుంది. పస్తులున్న బిడ్డకు రొమ్ములో గుండె మీద ఉండే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. టి కణాలు శిక్షణ పొందేది అక్కడే. ఝార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లలోని వారికి నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చి చూశారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం దాదాపు 40 శాతం తగ్గింది. మందు కాదు, పప్పూ బియ్యమే!

2021లో చూసినది

కోవిడ్ రెండవ అల తర్వాత “బ్లాక్ ఫంగస్” అనే మాట ఇంటింటా వినబడింది. హైదరాబాదులో కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దాని చికిత్సకే ముఖ్య కేంద్రం చేశారు. ఆ బూజు కొత్తది కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. ఆరోగ్యవంతుని తెల్లకణాలు దానిని ముక్కులోనే చంపేస్తాయి. ఆనాడు దాని బారిన పడిన వారిలో అత్యధికులు షుగరు అదుపులో లేనివారు. స్టెరాయిడ్లు రక్తంలో గ్లూకోజును ఇంకా పెంచి, కణాలను మరింత అణచివేశాయి. షుగరు బాగా ముదిరి రక్తం ఆమ్లమైనప్పుడు అందులోని ఇనుము విడివడుతుంది. ఆ ఇనుము ఈ బూజుకు మంచి ఎరువు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. ఉపవాసమనో, జ్వరంతో అన్నం తినడం లేదనో ఇన్సులిన్‌ను ఎవరికి వారే మానేయకూడదు. రక్తం ఆమ్లమయ్యేది చాలాసార్లు అలాగే. మోతాదు ఎలా మార్చాలో డాక్టరును ముందే అడిగి ఉంచుకోవాలి.

ఇంతకూ ఈ బలహీనత శాశ్వతమా? కాదు. గ్లూకోజు అదుపులోకి వచ్చాక న్యూట్రోఫిల్స్ పనితనం మెరుగుపడుతుందని పరిశోధనల్లో తేలింది. మూలుగలో రోజూ కొత్త సిపాయిలు పుడుతూనే ఉంటారు కదా! వారు ఎటువంటి రక్తంలోకి అడుగుపెడతారన్నదే ప్రశ్న. నరాల మొద్దుబారుడు మాత్రం అంత సులభంగా పోదు. అందుకని పాదాలను రోజూ చూడాలి. చూపు మందగించిన పెద్దవారు తమ అరికాళ్లు తామే చూసుకోలేరు. కోడలో, మనుమడో రాత్రి పడుకోబోయే ముందు దీపం వెలుగులో వేళ్ల సందులు కూడా చూడాలి. పొక్కు గాని, ఎరుపు గాని కనబడితే మరునాడే డాక్టరుకు చూపించండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు. ఫ్లూ, న్యూమోనియా, హెపటైటిస్ బి టీకాలలో ఏవి అవసరమో ఈసారి షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు అడగండి. అలాగే చిగుళ్ల నుండి రక్తం కారుతుంటే పళ్ల డాక్టరుకు చూపించండి. చిగుళ్ల వాపు మానితే షుగరు కూడా కొంత దిగుతుంది.