లైనక్స్ కోసం ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూడండి

మా అనంతపురం వైపు పాయింట్ చూపించుకోకుండా బోరు వేయించరు. లైనక్స్ కోసం ల్యాప్‌టాప్ కొనేటప్పుడు నాదీ అదే పద్ధతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, పాత మెషీన్లో లైనక్స్ వేసుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. సెకండ్ హ్యాండ్ కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తే రానూపోనూ 400 కిలోమీటర్లు. ఇంటికొచ్చాక వైఫై పనిచేయకపోతే మార్చుకోవడానికి మళ్లీ అంత దూరం పోవాలి!

పెన్‌డ్రైవ్ టెస్ట్: ఉబుంటు లేదా మింట్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ అవుతుంది. వైఫైని మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. సౌండ్, కెమెరా, బ్లూటూత్ చూడండి. మూత మూసి తెరిచి, మళ్లీ లేస్తుందో లేదో గమనించండి.

చిప్ నంబర్: టెర్మినల్లో 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్' కొట్టండి. వైఫై లైన్లో 8086 ఉంటే ఇంటెల్, సాధారణంగా ఇబ్బంది ఉండదు. 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్. వీటిలో కొన్నిటికి డ్రైవర్ విడిగా వేయాలి, అది దించుకోవడానికి నెట్ కావాలి! అలాంటప్పుడు ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ ఆదుకుంటుంది.

ఫింగర్‌ప్రింట్: 'ఎల్ఎస్‌యూఎస్‌బీ'లో కనిపించే ఐడీ లిబ్‌ఎఫ్‌ప్రింట్ సపోర్ట్ లిస్టులో ఉందేమో చూడండి.

కొత్తదైతే ఉబుంటు సర్టిఫైడ్ జాబితాలో వెతకండి. కానీ ఒకే మోడల్ పేరుతో వేర్వేరు వైఫై కార్డులు వస్తుంటాయి, కాబట్టి పేరొక్కటే నమ్మొద్దు.

పెన్‌డ్రైవ్ పెట్టనివ్వని షాపులో నేనైతే కొనను. పక్క షాపు చూసుకుంటా.