పల్నాటి కథ: తెర మీద మిగిలినదేమిటి?

కావ్యాన్నో, నవలనో, చరిత్రనో చలనచిత్రంగా తీసినప్పుడల్లా మన విమర్శకులు వేసే ప్రశ్న ఒకటే: మూలానికి విధేయంగా ఉన్నదా, లేదా? ప్రశ్న న్యాయమైనదే కాని, చాలినది కాదు. ఏది మూలం అన్నది ముందు తేలాలి. మా కురిచేడుకు పొరుగునే ఉన్న పల్నాటి సీమ కథ ఇందుకు మంచి ఉదాహరణ.

యుద్ధం జరిగింది 12వ శతాబ్దిలో. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యం పుట్టింది 15వ శతాబ్దిలో. దానిని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. నడుమ ఉన్న రెండు శతాబ్దాలకు పైబడిన కాలమంతా కథను మోసింది వీరుల గుళ్ళ ముందు పాడిన వీరవిద్యావంతులు. అంటే మనం మూలమనుకొంటున్న కావ్యమే ఒక అనుసరణ అన్నమాట.

ఈ కథ రెండుసార్లు తెర కెక్కింది. 1947లో వచ్చిన చిత్రాన్ని మొదలుపెట్టినవారు గూడవల్లి రామబ్రహ్మం. ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మగా కన్నాంబ నటించారు. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో అవే పాత్రలను రామారావు, భానుమతి ధరించారు.

'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) తీసిన రామబ్రహ్మం ఈ కథను ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని, కన్నమదాసును కొడుకుగా స్వీకరించాడని ప్రతీతి. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చినది కూడా 1947లోనే. ఆనాటి ప్రేక్షకునికి అది పాత కథ కాదు, తన ఊరి కథ.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. ఇద్దరు మహానటులను ఎదురెదురుగా నిలిపినప్పుడు యుద్ధం ఇద్దరి పంతంగా కుదించుకుపోతుంది. కోడిపందెంలో ఓడినందువల్ల రాజ్యం పోయిందన్నది జనశ్రుతి. కాని పందెం సాకు మాత్రమే. అసలు తగవు గురజాల, మాచర్లల మధ్య భూమి పంపకానిది, దానితో పెనవేసుకున్న సామాజిక ఆధిపత్యానిది. కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో అయిదు రోజులు జరిగే వీరుల ఉత్సవం ఈ సంగతి మరువలేదు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినాలకు పేర్లు. కోడిపోరుకు ఒక దినమైతే, ఆలమందల కోసం జరిగిన మందపోరుకూ ఒక దినం. కెమెరాకు కోడి కత్తి మెరుపు సులువుగా చిక్కుతుంది. పచ్చిక బీడు, పశువుల మంద అంత సులువుగా చిక్కవు.

మూలాన్ని విస్తరించడం కూడా విధేయతే కావచ్చునని నిరూపించిన చిత్రం 'మాభూమి' (1979). కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన ఈ చిత్రంలో, తెలంగాణ పోరాటంలో పుట్టిన బండి యాదగిరి పాట గద్దర్ గొంతులో వినబడుతుంది. పోరాడిన ప్రజల గొంతును అది నేరుగా తెర మీదికి తెచ్చింది. అక్కడ చరిత్రే అసలు మూలం.

కాబట్టి సాహిత్య విద్యార్థి తెర అనుసరణను చూసేటప్పుడు సన్నివేశాలను లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కరలేదు. మూడు ప్రశ్నలు వేస్తే చాలు. ఘర్షణకు కారణంగా చిత్రం దేనిని చూపింది? ఎవరి నోట కథ చెప్పించింది? వదిలిపెట్టినది ఏమిటి, అందువల్ల లాభం ఎవరికి? నాగమ్మ విషయంలో ఈ ప్రశ్నలు మరీ అవసరం. రాజ్యం నడిపిన స్త్రీని కుట్రలమారిగా మాత్రమే చూపడం కావ్యం నాటి నుంచీ ఉన్నదే. దానిని తిరిగి విచారించే హక్కు చిత్రకారునికి ఉన్నది, బాధ్యత కూడా ఉన్నది.

సంఘటనలు మార్చినా కారణాన్ని నిలిపిన చిత్రం చరిత్రకు ద్రోహం చేయదు. ప్రతి సంఘటననూ ఉంచి కారణాన్ని మాయం చేసిన చిత్రమే ద్రోహం చేస్తుంది. వెండితెర కోసం కలం పట్టే రచయితలు గుర్తించవలసినది ఇదే.