హంసలదీవి – కృష్ణమ్మ చివరి మజిలీ

మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన కృష్ణ సముద్రంలో ఎక్కడ కలుస్తుందని అడిగితే, మన జిల్లావాళ్ళే చాలామంది "అదుగో, దివిసీమ దాపున" అని చెయ్యి చూపి ఊరుకుంటారు. చూచి వచ్చినవారు తక్కువ. సెలవులు రాగానే ఊటీకో కాశ్మీరానికో రైలెక్కే మనకు పెరటిచెట్టు మందుకు పనికిరాదు గదా!

మా బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా దారి. గుడివాడవారు పామర్రు మీదుగా వచ్చి చల్లపల్లిలో ఈ దారి కలుసుకోవచ్చు. పులిగడ్డ దగ్గర ఒక వింత తప్పక చూడాలి. కృష్ణ అక్కడ రెండు పాయలవుతుంది. ఆ పాయ మీదుగా అక్విడక్టు కట్టి కాలువనీటిని దివిసీమకు దాటించారు. కింద నది, పైన కాలువ! దివిసీమ పచ్చదనమంతా ఆ కాలువ చలవే.

కోడూరు దాటాక ఆ పచ్చదనం పలచబడుతుంది. వరిచేల తరవాత చెరువులు, ఆ తరవాత ఉప్పుపర్రలు, తుమ్మచెట్లు. హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించుకున్నాను. పాపాలు మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో తిరుగుతూ, ఇక్కడ మునగగానే హంసగా మారిందట. అందుకే ఆ పేరని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి వేలాదిమంది సంగమస్నానానికి వస్తారు.

ఇంకా ముందుకు వెళితే పాలకాయతిప్ప. అక్కడినుంచి అంతా ఇసుకే! ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క మడ అడవి. ఆ అడవిలో చేపలు పట్టి తినే బావురుపిల్లులున్నాయి. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి.

వలలు బాగుచేస్తున్న ఒక పెద్దావిడను వయసెంతని అడిగాను. "ఉప్పెననాటికి పన్నెండేళ్ళు బాబూ. మిగతాది నువ్వే లెక్క చూసుకో" అన్నది. ఈ తీరంలో కాలానికి రెండే భాగాలు: ఉప్పెనకు ముందు, ఉప్పెన తరవాత. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళమీద పడింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10 వేలమంది పోయారు.

"మరి ఇక్కడే ఉంటున్నారేం?" అన్నాను.

"వల ఇక్కడుంది గదా బాబూ! చేపకు కరువు లేదు. కరువల్లా గుక్కెడు మంచినీళ్ళకే. ఎక్కడ తవ్వినా ఉప్పే."

అన్ని ఊళ్ళకూ నీళ్ళిచ్చి వచ్చిన కృష్ణ ఒడ్డున ఈ మాట వినవలసి వచ్చింది!

ఆ నది మోసుకొచ్చిన ఒండ్రుతోనే ఈ దివి పుట్టింది. శ్రీశైలం, నాగార్జునసాగరం కట్టాక ఒండ్రు చాలావరకు పైనే ఆగిపోతున్నది. తీరం అక్కడక్కడ కోసుకుపోతున్నది. అలల విసురును కాస్తయినా ఆపే మడచెట్లను నరకకుండా కాపాడుకోవడం అందుకే ముఖ్యం.

వెళ్ళదలచినవారికి ఒకటి రెండు మాటలు. ఉదయమే బయలుదేరి, చీకటిపడకముందే తిరిగి రండి. సంగమం దగ్గర సుడులుంటాయి. పిల్లల చెయ్యి వదలకండి, లోతుకు దిగకండి. మంచినీళ్ళు వెంట తీసుకుపోండి. ఊళ్ళోవాళ్ళను అడిగితే కాదనరు. కాని వాళ్ళు దాచుకున్న బిందె ఎంత దూరం నుంచి వచ్చిందో ఒక్క క్షణం ఆలోచించి మరీ అడగండి.