బొబ్బట్లకు తొందర లేదు: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఎదుగుదల

ఒక సోమవారం ఉదయం పిల్లల ఓ.పి.లో ఒక నాయనమ్మగారు మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని మా ఎదుట కూర్చున్నారు. "ఐదో నెల నిండిపోయిందమ్మా. వీళ్ల నాన్న ఈపాటికి బోర్లా పడ్డాడు. బొబ్బట్లకని పచ్చిశనగపప్పు కూడా తెప్పించి పెట్టాను. వీడు చూస్తే మెడే సరిగ్గా నిలపడం లేదు" అన్నారు. పక్కనే నిలబడిన కోడలు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె కళ్లు మాత్రం నిండి ఉన్నాయి.

ఆ బాబు 32 వారాలకే, 1,400 గ్రాముల బరువుతో మా ఆసుపత్రిలోనే పుట్టాడు. మేము వాణ్ణి మెల్లగా పరీక్షించాము. ఎర్ర బంతిని అటూ ఇటూ కదిలిస్తే కళ్లతో వెంబడించాడు. పిడికిళ్లు విప్పి ఉన్నాయి. రెండు కాళ్లూ సమంగా ఆడిస్తున్నాడు. బోర్లా వేస్తే తల కాస్త పైకెత్తి, అలిసిపోయి దించాడు. మూడు నెలల బిడ్డ చేయవలసినవన్నీ చేస్తున్నాడు. "అమ్మా, మీ మనవడు పుట్టి ఐదు నెలలైన మాట నిజమే. ఎదుగుదల లెక్కలో మాత్రం వాడికి మూడు నెలలే" అని చెప్పాము.

మన ఇళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు పంచిపెట్టే అలవాటు ఉంది. ఇది చాలా మంచి అలవాటు. ఇంటిల్లిపాదీ బిడ్డ ఎదుగుదలను కనిపెట్టి చూస్తున్నారన్నమాట. కాని నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొందరు అనవసరంగా దిగులుపడుతున్నారు. మరికొందరు దిగులుపడవలసిన చోట ఊరుకుంటున్నారు. ఈ రెండింటి గురించి మన పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

వయసు లెక్క ఎలా?

గర్భం 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 34 లక్షల మంది ఇలా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. కాబట్టి ఇది మీ ఒక్కరి ఇంట్లో వచ్చిన కష్టం కాదు. తల్లి చేసిన తప్పు అంతకంటే కాదు.

లెక్క సులభం. 40 వారాల నుండి బిడ్డ పుట్టిన వారాలను తీసివేయండి. 32 వారాలకు పుడితే ఎనిమిది వారాలు, అంటే సుమారు రెండు నెలలు ముందుగా వచ్చినట్టు. ఈరోజు బిడ్డకు ఆరు నెలలైతే, అందులో రెండు తీసివేసి నాలుగు నెలల బిడ్డగా చూడాలి. దీనిని సరిచేసిన వయసు అంటాము. రెండు సంవత్సరాలు నిండేవరకు ఎదుగుదలను ఈ లెక్కనే చూడాలి.

టీకాల విషయంలో మాత్రం ఈ లెక్క వాడకూడదు. టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

ఆ బిడ్డ శరీరం ఎందుకు వేరుగా ఉంటుంది?

గర్భంలో చివరి రెండు మూడు నెలలు బిడ్డకు చోటు ఇరుకవుతుంది. మోకాళ్లు పొట్టకు, చేతులు గుండెకు, గడ్డం ఛాతీకి దగ్గరగా ముడుచుకుని ఉంటాడు. కాలు చాచితే గర్భసంచి గోడ తగిలి మళ్లీ ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడంలోనే కండరాలకు బిగువు వస్తుంది. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ వారాలు దక్కవు. మెత్తని కండరాలతో చదునైన పరుపు మీదికి వస్తాడు. కాళ్లు కప్పకాళ్లలా పక్కలకు వాలిపోతాయి, చేతులు వెనక్కు పడిపోతాయి. అందుకే నర్సరీలో మా సిస్టర్లు మెత్తని గుడ్డలు చుట్టి బిడ్డ చుట్టూ పిట్టగూడులా అమరుస్తారు.

ఇంటికి వెళ్లిన తరువాత ఆ గూడు పని మీ చేతులు చేయాలి.

ఇంట్లో రోజూ చేయవలసినవి

గుండెకు హత్తుకోవడం: బిడ్డకు డయపర్, టోపీ మాత్రమే ఉంచి, తల్లి గుండెల మధ్య నిలువుగా, కాళ్లు చేతులు ముడిచి, తల ఒక పక్కకు తిప్పి, ముక్కు స్పష్టంగా కనిపించేలా పడుకోబెట్టి, పైన గుడ్డ కట్టుకోవాలి. దీనినే కంగారూ సంరక్షణ అంటారు. కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా దీనిని ప్రారంభించారు. మన దేశంతో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టినందువలన తక్కువ బరువు బిడ్డల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. రోజుకు 8 గంటలకు తక్కువ కాకుండా, వీలైతే 24 గంటల వరకు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ కూడా చేయవచ్చు. మన బిడ్డ తల ఎత్తడానికి చేసే మొట్టమొదటి ప్రయత్నం ఈ గుండెల మీదే జరుగుతుంది.

మెలకువలో బోర్లా వేయడం: పాలు తాగిన వెంటనే కాకుండా, బిడ్డ హుషారుగా ఉన్నప్పుడు రోజుకు నాలుగైదుసార్లు, మొదట ఒకటి రెండు నిమిషాలు చాలు. మొదట మీ ఛాతీ మీద, తరువాత ఒడిలో, ఆపైన చాప మీద. చంకల కింద చిన్న గుడ్డచుట్ట పెడితే తల ఎత్తడం సులువు. ఎదురుగా మీ ముఖం ఉండాలి. ఒక్క క్షణం కూడా బిడ్డను ఒంటరిగా వదలకూడదు. నిద్రపోయేటప్పుడు ఎప్పుడూ వెల్లకిలే. నర్సరీలో బోర్లా పడుకోబెట్టడం మీరు చూసి ఉంటారు. అక్కడ ఊపిరిని, గుండెను కనిపెట్టే యంత్రాలు ఉంటాయి. ఇంట్లో అవి లేవు.

చేతులు మధ్యకు తేవడం: ఎత్తుకున్నప్పుడు బిడ్డ రెండు చేతులూ ముందుకు వచ్చేలా, మోకాళ్లు ముడుచుకునేలా పట్టుకోండి. చేతిని నోటికి చేర్చుకోనివ్వండి. తన చేతిని తాను చూసుకున్న బిడ్డే తరువాత గిలక్కాయను అందుకుంటాడు. గిలక్కాయను ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు ఆడించండి. ఎప్పుడూ ఒకే పక్కకు తల తిప్పి ఉండే బిడ్డను రెండో వైపు నుండి పలకరించండి.

నూనె రాయడం: బిడ్డ బరువు పెరుగుతూ, ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు డాక్టరును అడిగి, అరచేత్తో మెత్తగా రాయవచ్చు. మాట్లాడుతూ, పాట పాడుతూ రాస్తే ఇంకా మంచిది. బిడ్డ ఏడిస్తే, ఎక్కిళ్లు వస్తే, వేళ్లు బిగుసుకుని చాచితే, ముఖం తిప్పుకుంటే అలిసిపోయాడని అర్థం. అప్పుడు ఆపేయాలి.

చేయకూడనివి

కాళ్లూ చేతులూ లాగి వంచడం, తలకిందులుగా పట్టుకోవడం, ముక్కులో చెవిలో నూనె వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం మానండి. పెద్దలు ప్రేమతోనే చేస్తారు. కాని ఈ బిడ్డ ఎముకలు, ఊపిరితిత్తులు ఇంకా లేతవి. చీర ఉయ్యాలలో గంటల తరబడి ఉంచితే బిడ్డకు కదిలే అవకాశం ఉండదు. మెలకువగా ఉన్నంతసేపు నేల మీద పరిచిన చాపే మంచి బడి. మెడ నిలవకముందే దిండ్లు ఆనించి కూర్చోబెట్టవద్దు. చక్రాల వాకరు కొనవద్దు. దానివలన నడక త్వరగా రాదు, ప్రమాదాలు మాత్రం వస్తాయి. కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

లెక్క సరిచేసినా సరిపోనప్పుడు

ఇప్పుడు ఇంకొక ఇంటి సంగతి చెప్పాలి. 30 వారాలకు పుట్టిన ఒక పాపను 15వ నెలలో మా దగ్గరకు తెచ్చారు. ఇంకా కూర్చోవడం లేదు. కాళ్లు కర్రల్లా బిగుసుకుని, ఎత్తితే కత్తెరలా ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. అంతకుముందు చూపించిన చోట "నెలలు తక్కువ పిల్ల కదా, నెమ్మదిగా అన్నీ వస్తాయి" అన్నారట. ఆ మాట నమ్మి ఎదురుచూశారు.

లెక్క వేసి చూడండి. 30 వారాలకు పుట్టిన బిడ్డకు తీసివేయవలసింది పది వారాలే, అంటే రెండున్నర నెలలు. 15లో నుండి రెండున్నర పోతే పన్నెండున్నర. ఆ వయసుకు కూర్చోకపోతే అది నెలల తక్కువ వలన కాదు. ఆ పాపకు సెరిబ్రల్ పాల్సీ అని తేలింది. ఇప్పుడు మూడేళ్లు నిండిన ఆ పాప ఆసరాతో కూర్చుని, తన చేత్తో తానే తింటుంది. ముందే వచ్చి ఉంటే నడిచేదా అంటే మేము చెప్పలేము. కాని మెదడు ఎక్కువగా నేర్చుకునే నెలలు ఎదురుచూపులో గడిచిపోయాయి. ఈ రోజుల్లో బిడ్డ కదలికలను, నరాల తీరును పరీక్షించి, సరిచేసిన వయసు ఆరు నెలలు నిండకముందే ఈ జబ్బు సూచనలను గుర్తించగలుగుతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతులైన పిల్లల్లో దాదాపు అందరూ తొమ్మిది నెలలు దాటేసరికి ఆసరా లేకుండా కూర్చుంటారు, పదిహేడున్నర నెలలకు సొంతంగా నడుస్తారు. కొద్దిమంది దోగాడకుండానే నడక నేర్చుకుంటారు. ఇవి మన బిడ్డకు సరిచేసిన వయసుతో పోల్చాలి. ఈ కింది గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా మరుసటి నెల దాకా ఆగకండి:

- మూడు నెలలు దాటినా పిడికిళ్లు బిగించే ఉండడం, ముఖం చూసి నవ్వకపోవడం
- నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం
- ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, వెనక్కు విల్లులా వంగడం, లేదా గుడ్డబొమ్మలా వేలాడడం
- ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడడం, ఒక కాలు తక్కువ కదపడం
- తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోవడం, 18 నెలలకు నడవకపోవడం
- ఎప్పుడు నిలబెట్టినా మునివేళ్ల మీదే నిలబడడం
- వచ్చిన విద్య పోవడం

(ఇక్కడ చెప్పిన నెలలన్నీ సరిచేసిన వయసు ప్రకారమే.)

చూపు, వినికిడి సరిగ్గా లేని బిడ్డకు కదలాలన్న ఆసక్తి తగ్గుతుంది. 34 వారాలలోపు పుట్టిన లేదా 2,000 గ్రాములకంటే తక్కువ బరువున్న బిడ్డకు పుట్టిన నాలుగు వారాలలోపు కంటి రెటీనా పరీక్ష తప్పక చేయించాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే అవసరం. వినికిడి పరీక్ష కూడా మరువవద్దు.

దూరపు ఊళ్లవారు ప్రతిసారీ మా ఫిజియోథెరపీ విభాగానికి రాలేకపోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఈ సేవలు ఉచితం. మీ ఆశా కార్యకర్తను అడగండి.

సంఘ కుటుంబాలకు ఒక మనవి

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు "ఇంకా కూర్చోలేదా?" అని అడగవద్దు. "మా వాడు ఈ వయసుకు పరుగెత్తాడు" అనవద్దు. దానికి బదులు ఒక పూట వంట చేసి పంపండి. తల్లి బిడ్డను గుండెకు కట్టుకుని కూర్చోగలిగేలా ఆమె పని కాస్త పంచుకోండి. ముందుగా వచ్చిన బిడ్డను దేవుడు మన చేతుల్లో పెట్టాడు. ఆ చేతులు ఓపికగానూ ఉండాలి, మెలకువగానూ ఉండాలి.

మొదట చెప్పిన నాయనమ్మగారు రెండున్నర నెలల తరువాత మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో మనవడితోపాటు ఒక స్టీలు డబ్బా కూడా ఉంది. వాడికి అప్పటికి ఏడున్నర నెలలు, మన లెక్కలో ఐదున్నర. ఓ.పి.లో ఉన్న సిస్టర్లందరికీ తలా ఒక బొబ్బట్టు వచ్చింది.